బోనాలనాటి పోతరాయి

"బెల్లు కొట్టేదాక నేను రాను సాబ్. కావాలంటే గేటు కాడ కుర్చీ ఏపిస్త, కూసోండ్రి" అన్నాడు ప్రేమ్‌రాజ్.

సీఐకి ఈ మాట కొత్త. అరెస్టు చెయ్యడానికి వెళ్తే కాళ్ళమీద పడ్డవాళ్ళని చూశాడు, గోడ దూకి పారిపోయినవాళ్ళని చూశాడు. పీరియడు పూర్తి చేసి వస్తానన్న మొనగాణ్ని మాత్రం చూడలేదు. చెయ్యి పట్టి లాగుదామంటే తరగతినిండా పిల్లలు. వాళ్ళు బలపాలు పట్టుకుని ఆయన్నే మిర్రిమిర్రి చూస్తున్నారు.

"నలభై నిమిషాలే సాబ్. ఈ లోపల నా పని నన్ను చేసుకోనియ్యుండ్రి" అంటూ స్కూటీ దిగింది మహేశ్వరి.

సీఐ మొహం చిట్లించాడు. డిటెక్టివ్ మహేశ్వరి అంటే ఆయనకు తెలుసు. ఒకప్పుడు ప్రభుత్వ ప్రయోగశాలలో సిమెంటూ ఇసుకా గాజుపెంకులూ పరీక్షించి కోర్టులో సాక్ష్యం చెప్పేది. ఎవరో పెద్దమనిషి కోసం రిపోర్టు మార్చమంటే, మార్చను పొమ్మని కుర్చీ తన్నేసి బయటికొచ్చింది. ఇప్పుడు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఎదురుగా, మేడమీద ఒక గది ఆఫీసు. ఈ బడిపిల్లల తల్లులంతా కలిసి వెళ్ళి ఆమెను పట్టుకొచ్చారు.

"ఏం జేస్తవో జెయ్ మేడం. బెల్లు కాంగనే నేను తీస్కపోత" అని సీఐ నిజంగానే కుర్చీ వేయించుకున్నాడు.

గొడవంతా ఒక రాయి గురించి. దబీర్‌పురా స్టేషన్ అవతలి గల్లీలో ఉన్న ఆ చిన్న బడి వెనకగోడలో, బారెడు పొడుగున్న పలక ఒకటి ఉంది. చూస్తే చెక్కిన రాయే అనుకుంటాం. కానీ కొండనుంచి కొట్టిన రాయి కాదు. సిమెంటూ సున్నమూ ఇటుకపొడీ రాతిపలుకులూ కలిపి అచ్చులో పోసిన పోతరాయి. నూరేళ్ళ కింద నవాబుల పెద్ద పెద్ద దేవిడీ బంగళాలకు జాలీలూ స్తంభాలూ పోసిచ్చిన కార్ఖానా ఒకటి ఆ జాగాలో ఉండేదట. అక్కడ చెమటోడ్చిన ఎరుకల కుటుంబాల పిల్లల చదువుకు ఈ జాగా వదిలిపెట్టాననీ, దీన్ని ఎవ్వరూ అమ్మకూడదనీ కార్ఖానా యజమాని పలక పోయించాడు. అక్షరాలు తెలుగువే. మాటలు మాత్రం ఆ కుటుంబాల ఇంటిభాషవి. ఆ మాటలు చదివితే అర్థం చెప్పగలిగిన మనిషి ఆ గల్లీలో ఇప్పుడు ఒక్కతే మిగిలింది, నాగమణమ్మ. ప్రేమ్‌రాజ్ ప్రతి శనివారం ఆమెను తెచ్చి ఆ పలక ముందు కూర్చోబెట్టి, ప్రపంచంలో భాషలు ఎట్లా కనుమరుగైపోతున్నాయో పిల్లలకు పాఠం చెబుతాడు.

అమ్మకూడదన్న జాగాను అమ్మి అక్కడ ఫంక్షన్ హాలు లేపాలని బడి కమిటీ ప్రెసిడెంటు వైకుంఠం సేటు పట్టుదల. బేగంబజార్‌లో మూడు తరాల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. పలక దొంగదనీ, జాగా కొట్టేయడానికి ప్రేమ్‌రాజే దాన్ని పోయించి గోడకు అతికించి పిల్లల్ని కూడా మోసం చేశాడనీ కేసు పెట్టాడు. దానికి తోడు ప్రైవేటు ల్యాబ్ నడిపే వరుణ్ ఇచ్చిన రిపోర్టు. రాతిలో ఫ్లై యాష్ ఉందని అందులో రాశాడు. ఫ్లై యాష్ అంటే బొగ్గుతో కరెంటు తీసే ప్లాంట్లలో మిగిలే బూడిద. ఈ కాలపు సిమెంటు బస్తాల్లో దాన్ని కలుపుతారు, మైక్రోస్కోపు కింద సన్నటి గాజుగుండ్లలా కనబడుతుంది. నూరేళ్ళనాటి సిమెంటులో అది ఉండే ప్రసక్తే లేదు.

రిపోర్టు నిజమైతే ప్రేమ్‌రాజ్ జైలుకు, బడి బుల్డోజరు కిందికి. అంతకు మించి ఇందులో తిరకాసేమీ లేదు. మహేశ్వరి నేరుగా తరగతి గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

లోపల ప్రేమ్‌రాజ్ పిల్లలతో అంటున్నాడు. "ఇయ్యాల 'ఆకలి' అనే మాట సచ్చిపోయింది. ఎవ్వరు అనొద్దు. మరి ఇంటికి పోయి అమ్మకు ఎట్ల చెప్తరు?"

"కడుపు కాలుతుందంట సార్!"

"'కడుపు' గూడ పోయింది."

"భూక్ లగ్రీ అంట సార్!"

"గది గూడ పోయింది."

ఆ పిల్లవాడు కాసేపు బుర్ర గోక్కుని, టిఫిన్ డబ్బా తీసి చెంచాతో ఠంగుఠంగుమని కొట్టాడు. తరగతంతా గొల్లుమంది. ప్రేమ్‌రాజ్ నవ్వలేదు.

"మంచిదే, అన్నం దొరుకుతది. ఇప్పుడు 'మా నాయినమ్మ యాదికొస్తుంది' అని డబ్బా కొట్టి చెప్పు, చూస్త."

చెంచా గాలిలోనే ఆగిపోయింది. మహేశ్వరి కూడా ఒక్క క్షణం తను వచ్చిన పని మరిచింది. ఈ మనిషి దొంగ కాకపోతే బాగుండునని మనసులో అనుకుంది. అట్లా అనుకున్నందుకు తనమీద తనకే చిరాకు పుట్టి, వెంటనే గొంతు గట్టి చేసుకుంది.

"ప్రేమ్‌రాజ్, సూటిగ అడుగుత. రాయి నువ్వు పోయించినవా?"

"లేదక్కా."

"ఎప్పుడన్న గోడలకెళ్ళి తీసిన్రా?"

"నాకు తెల్సి లేదు."

"పరీక్షకు ముక్క ఎప్పుడు తీసిన్రు?"

"బోనాల ముందటి శుక్రారం. వరుణ్ సారే వచ్చిండు. పిల్లలందర్ని కూసోబెట్టి, రాయంటే ఏంది, పోతరాయంటే ఏంది అని మంచిగ చెప్పిండు గూడ. పలక కింది మూల ఉలితోని కొట్టి బొటనేలంత ముక్క తీస్కపోయిండు. సీఐ సాబ్, సేటు ఇద్దరు ఉన్నరు."

"నువ్వు ఒద్దనలేదా?"

"నేనెందుకు ఒద్దంట? నిజమైన రాయికి ఫికర్ ఏంది అక్కా? తీయమని నేనే అన్న."

"గేటు తాళాలు?"

"నాకాడ ఒకటి, సేటు కాడ ఒకటి."

"బోనాల సెలవులల్ల యాడున్నవ్?"

"ఉట్నూరు. ఆ దిక్కు కొలామి మాట్లాడే ముసలోళ్ళున్నరు. మా పిల్లలకు వినిపిద్దామని వాళ్ళ కథలు రికార్డు చేసుకొచ్చిన. ఆదివారం, సోమవారం ఆడనే. మంగళారం పొద్దుగాల దిగిన, మస్తు వాన." అతను గుమ్మం వైపు ఒకసారి, పిల్లల వైపు ఒకసారి చూశాడు. "ఇంకేమన్న ఉంటే తర్వాత అడుగుండ్రి అక్కా. నాకున్నది ఈ గంటనే."

అతని గొంతులో బతిమాలడం లేదు. మహేశ్వరికి అదే నచ్చింది.

వెనక పెరట్లో నాగమణమ్మ పలక ముందు చాపమీద కూర్చుని ఉంది. శనివారం కాబట్టి వచ్చింది. తరువాతి పీరియడుకు పిల్లలు తన దగ్గరికి వస్తారని ఆమె ధీమా. పోలీసుల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. అరుగుమీద వైకుంఠం సేటు కుర్చీ వేసుకుని, తన జాగాలో ఎవరో గుంత తవ్వుతున్నట్టు మహేశ్వరినే కనిపెట్టి చూస్తున్నాడు.

ఆమె సంచిలోంచి భూతద్దం, టార్చి, చిన్న చాకు, చుక్కల సీసా తీసింది. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. వాటి కింద పువ్వుల అంచు ఒకటి, పువ్వుకో పువ్వుకో నడిమిన బొడిపె. కుడివైపు కింది మూల విరిగి ఉంది, ముక్క తీసింది అక్కడే. విరిగిన చోట వేలు పెట్టి చూసింది. మళ్ళీ పెట్టింది.

నున్నగా ఉంది.

ఉలితో కొట్టిన రాయి విరిగిన చోట గరుకుగా ఉండాలి. లోపలి పలుకులు తెగి బయటపడాలి. ఇక్కడ పలుకుల మీద కూడా సన్నటి సిమెంటు తొక్క కప్పి ఉంది, పాలమీద మీగడలాగా. చాకుమొనతో ఆ తొక్కను గీకి, సీసాలోంచి ఒక చుక్క వేసింది. గీకిన చోటు క్షణంలో ముదురు గులాబీరంగు తిరిగింది.

"ఏం రంగు బిడ్డా గది?" అంది నాగమణమ్మ.

"సిమెంటు ఇంక పచ్చిగ ఉంటే గీ రంగొస్తది అవ్వా. ఏండ్ల కొద్ది గాలి తాకితే ఆ గుణం చచ్చిపోతది. నూరేండ్ల రాయి పైపొరకు ఈ రంగు రావొద్దు."

వైకుంఠం సేటు గొంతు సవరించుకున్నాడు. "నువ్వు గూడ గదే చెప్తున్నవ్ కదమ్మా! దొంగ రాయేనని. ఇగ లొల్లెందుకు?"

మహేశ్వరి పలకకూ గోడకూ మధ్య సందులో చాకు దూర్చి మెల్లగా కెలికింది. పాత సున్నం పొడిపొడిగా రాలింది. దానితోపాటు గోరంత పెచ్చు ఒకటి ఊడివచ్చింది. పాత సున్నానికి అది ఎంతగా అంటుకుని ఉందంటే, అక్కడినుంచి ఏదో పెద్దదాన్ని పెకలించినప్పుడు ఈ కాస్త రానని మొండికేసి ఉండిపోయిందన్నమాట. దానిమీద చుక్క వేసింది. ఏ రంగూ రాలేదు. భూతద్దం కింద పెడితే ఎర్రటి ఇటుకపొడి, మధ్యమధ్య బొంబాయి రవ్వంత నల్లటి గింజలు. ఆ రోజుల్లో సిమెంటును ఇప్పటంత మెత్తగా విసిరే మరలు లేవు. ఆ ముతక గింజలే దాని వయసు చెబుతాయి.

అంటే ఈ గోడలో ఇంతకుముందు ఒక రాయి ఉండేది. ఇప్పుడున్నది ఇంకోటి. పాతదానికి అచ్చు తీసి, కొత్తది పోసి, దాని చోట దీన్ని కూర్చోబెట్టారు. విరిగిన మూలతో సహా అచ్చు దిగింది కాబట్టే విరిగిన చోటుకు తొక్క వచ్చింది.

ఎవరు? ఎప్పుడు? టార్చిని గోడకు ఆనించి వెలుతురును ఏటవాలుగా పలకమీద పారించింది. పువ్వుల అంచుమీద బొడిపెలు నీడలు పరిచాయి. పువ్వులన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. బొడిపెలు మాత్రం ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి పక్కకు జారింది. ఇంత చక్కగా పువ్వులు దిద్దిన మేస్త్రి బొడిపెలు ఇట్లా వంకర పెడతాడా? విరిగిన మూలమీద కూడా ఒకటి ఉంది.

"గవ్వి నా బొట్లు బిడ్డా" అంది నాగమణమ్మ గర్వంగా. "ఏటేట బోనాల ఆదివారం పొద్దుగాల పెడ్త. పసుపుల బియ్యప్పిండి కలిపి చిక్కగ పెడ్త. మా తాత చెయ్యి పడ్డ రాయి కదా ఇది. ఎప్పుడైనా నాలుగు వానలు పడితె పోతుండె. ఈ యేడు సూడు, రంగు పోయింది గాని అంత వానల గూడ బొట్లు పోలే. అమ్మవారు గట్టిగ నిలవడ్డది అనుకున్న. మస్తు సంబురపడ్డ."

మహేశ్వరి ఒక బొడిపెను చాకుమొనతో నొక్కింది. చాకే వంగింది. పసుపు కాదు, పిండి కాదు, అచ్చమైన సిమెంటు. ముసలామె మొహంలో సంబరం చూసి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

అచ్చు తీసేవాడు ఎవడైనా మొట్టమొదట చేసే పని రాయిని శుభ్రంగా తుడవడం. వీడూ తుడిచాడు. అక్షరాల సందుల్లో దుమ్ము కూడా లేకుండా అచ్చు దించాడు. ఆ బొట్లను మాత్రం ముట్టలేదు. ఎవడో బయటివాడైతే గోరుతో గీకి పారేసేవాడు. అమ్మవారి పేర పెట్టిన పసుపును తుడవడానికి చెయ్యి రానివాడు, రోజూ దేవుళ్ళను పోసే చేతులవాడు అయి ఉండాలి.

ఆ ఊపులో ఫోను తీసి, ధూల్‌పేటలో వినాయక విగ్రహాల దుకాణం నడిపే సోనీకి కలిపి గొంతెత్తి అడిగింది. "సోనీ, బోనాల పండగల దబీర్‌పురా బడికి అచ్చు సాంచా తియ్యనీకి మీ ధూల్‌పేటలకెళ్ళి ఎవరు పోయిన్రో నాకు కావాలె. ఇప్పుడే."

"చవితి ముందర ఈడ దమ్ తీస్కునే టైం లేదు దీదీ" అంది సోనీ. "అయినా నీకోసం పూఛ్‌కే బోల్తూ, అడిగి చెప్త."

ఫోను పెట్టేసరికి గేటు దగ్గర కారు ఆగింది. వరుణ్ దిగాడు. ఒకప్పుడు ఆమె ల్యాబ్‌లోనే, ఆమె కింద పని నేర్చుకున్నవాడు. ఆమె మార్చనన్న రిపోర్టును ఆ తరువాత మార్చి సంతకం పెట్టింది ఇతనే. మనుషులు ఎట్లా ఎదుగుతారో చెప్పడానికి మహేశ్వరి అప్పుడప్పుడు ఈ కథ వాడుకుంటుంది.

"మేడం, ఇంకా ఆ చుక్కల సీసాయేనా?" అన్నాడు నవ్వుతూ. "మా దగ్గర ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉంది. చెబితే ఫ్రీగా చూసిపెట్టేవాణ్ని."

"మైక్రోస్కోపు ఎంత పెద్దదైతే ఏంది వరుణ్? కింద పెట్టిన ముక్క నిజమైతేనే అది నిజం చెప్తది."

సీఐ కూడా లేచి వచ్చాడు. ఇద్దరు చదువుకున్నవాళ్ళు కొట్టుకుంటుంటే చూడటానికి బాగానే ఉంటుంది.

"నీ రిపోర్టు తప్పని నేను అంటలేను" అంది మహేశ్వరి. "ఈ గోడల ఉన్న రాయిల ఫ్లై యాష్ ఉంటది. ఎవరు పరీక్ష చేసినా గదే వస్తది."

వరుణ్ సీఐ వైపు తిరిగి చేతులు చాపాడు. ఇంకేం కావాలి అన్నట్టు.

"కాని ఒక్క మాట సాబ్. దొంగ సరుకు చేసేటోడు ఏమనుకుంటడు? దొరకొద్దనుకుంటడు. పాత సున్నం, ఇటుకపొడి ఇప్పుడు గూడ దొరుకుతయి. అవ్వి కలిపి పోస్తే సగం మందిని బురిడీ కొట్టియ్యొచ్చు. మరి అక్షరం చెదరకుంట ఇంత మంచిగ అచ్చు తీయించినోడు, దుకాణంల కొత్త సిమెంటు బస్తా తెచ్చి ఎందుకు పోపిచ్చిండు? వీడు దొరకాలనే పోపిచ్చిండు."

"ప్రేమ్‌రాజ్ సైన్సు టీచర్ కాదు మేడం. తెలీక పోయించి ఉంటాడు" అన్నాడు వరుణ్.

"మంచిది. నువ్వు ముక్క తీసింది ఎప్పుడు?"

"బోనాల ముందు శుక్రవారం. సీఐ గారి ఎదుటే, పంచనామా రాయించి."

"తర్వాత మళ్ళ తీసినవా?"

"అవసరం ఏముంది? ఒక్కసారే."

"ఆ ముక్కలనే ఫ్లై యాష్ కనబడ్డది?"

"ఎన్నిసార్లు చెప్పాలి మేడం? అవును."

"సాబ్, మీరు గూడ విన్నరు కదా. ఇటు రాండ్రి" అని సీఐ చూపుడువేలు పట్టుకున్నంత పని చేసి విరిగిన చోట పెట్టించింది. "నున్నగ లేదూ? విరిగిన రాయి నున్నగుంటదా? ముక్క తీసినంక పాతదానికి అచ్చు తీసిన్రు, గందుకే విరిగింది గూడ పోతల వచ్చింది."

వరుణ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ముక్క తీసిన చోట నీళ్ళు దిగకుండా సిమెంటు పాలు పూయించాను. ఆ రోజే. మంచి పద్ధతి అది, మీరే నేర్పారు."

సీఐ తల ఊపాడు. వరుణ్ మొహంలో ఈ మాట ముందే సిద్ధం చేసుకొచ్చిన ధీమా ఉంది. మహేశ్వరికి కోపం నషాళానికి అంటింది. పాఠం నేర్పిన నోటికే తాళం వేస్తున్నాడు.

"అట్లనా? మరి ఇవ్వేంది?" అని టార్చి ఏటవాలుగా పట్టి బొడిపెలు చూపించింది.

"డిజైను. పువ్వుల అంచు."

"అవ్వా, ఇవ్వేందో చెప్పు."

నాగమణమ్మ చెప్పింది. బోనాల ఆదివారం, పసుపు, బియ్యప్పిండి. సీఐ వంగి ఒక బొట్టును గోటితో గీకాడు. గోరు విరిగింది. ఆయన సొంతూళ్ళో అమ్మ ఏటా గడపకు పెట్టే బొట్లు చూసి పెరిగినవాడు. ఆయన మొహం మారింది.

"పోయిన ఏడాది బోనాల బొట్లు కావచ్చు సార్" అన్నాడు వరుణ్ గబగబా. ఈసారి గొంతు ఒక మెట్టు ఎక్కింది. "ప్రేమ్‌రాజ్ పోయిన ఏడాదే పోయించి ఉండొచ్చు కదా? దీనివల్ల నా శాంపిల్ తప్పని ఎట్లా అంటారు?"

సీఐ మహేశ్వరి వైపు చూశాడు. ఆ ప్రశ్నలో పస ఉంది. ఆమె మాత్రం ఇందాకటినుంచి ఎదురు చూస్తున్నది ఈ ప్రశ్న కోసమే.

"అవ్వా, బొట్లన్నీ పువ్వుల నడిమిట్ల పెట్టినవ్. ఈ మూలకు ఒకటి పెట్టినవ్ ఎందుకు? ఇక్కడ పువ్వు లేదు కదా."

నాగమణమ్మ ఆమెను అదోలా చూసింది, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు. "మూల పలిగి ఉండె కద బిడ్డా. ఎవరో కొట్టిన్రు. ఆ ఆదివారం సూసి నా పానం ఉసూరుమన్నది. దెబ్బ తాకిన కాడ పసుపు పెట్టమా? పెట్టిన."

సీఐ తనంతట తనే వంగి విరిగిన మూలను తడిమాడు. విరుపుమీద, వరుణ్ చెప్పిన సిమెంటు పాలమీద, ముసలామె వేలిముద్ర గుంటతో సహా పసుపుబొట్టు రాయైపోయి ఉంది.

"ఈన మూల పలగ్గొట్టింది శుక్రారం" అంది మహేశ్వరి. "అవ్వ పసుపు పెట్టింది ఆదివారం. ఆ రెండు ఈ రాయిల పోతల వచ్చినయి. అంటే ఈ రాయి పుట్టింది ఆదివారం తర్వాత. మంగళారం వానకు బొట్లు కరిగిపోతయి కాబట్టి, అచ్చు తీసింది బడి బందున్న ఆ రెండు రోజులల్లనే. అప్పటికి ప్రేమ్‌రాజ్ ఉట్నూరుల ఉన్నడు. మరి ఇంక పుట్టని రాయిల ఫ్లై యాష్ ఉందని శుక్రారం ముక్కల ఎట్ల కనిపెట్టినవ్ వరుణ్? పుట్టని బిడ్డకు రక్తపరీక్ష చేసినవా?"

వరుణ్ చెయ్యి కారు తాళాల మీదికి పోయింది. మహేశ్వరి సీఐ వైపు తిరిగింది.

"నేను చెప్త సాబ్. శుక్రారం తీసిన ముక్క అసలుది. నూరేండ్లదని ఈన ల్యాబుల తేలింది. రిపోర్టు అబద్ధం రాస్తే సరిపోదు, ప్రేమ్‌రాజ్ ఇంకో ల్యాబుకు పోతే బండారం బయటపడ్తది. గందుకే రాయినే మార్చిన్రు. ఎవరు పరీక్ష చేసినా దొంగదనే వస్తది. కొత్త సిమెంటు కావాలని పోపిచ్చింది గందుకే. ఆ బూడిద ఒక్కటి కనబడితే చాలని తెలిసినోళ్ళం ఈ పెరట్ల ఇద్దరమే. ఒకదాన్ని నేను."

సీఐ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. వరుణ్ నవ్వడానికి ప్రయత్నించాడు. "కథ బాగుంది మేడం. కోర్టులో పసుపు నిలబడదు. అసలు రాయి అంటున్నారు కదా, ఏది? చూపించండి."

సీఐ ఇబ్బందిగా కదిలాడు. "గదొక్కటి కరెక్టే మేడం. నాకు నమ్మకం కుదిరింది. కాని నా నమ్మకంతోని కేసు ఆగదు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అసలు రాయి తెచ్చి పెట్టు, ప్రేమ్‌రాజ్ మీద చెయ్యి ఎయ్య. లేకపోతే ఇయ్యాల తీస్కపోవుడే."

బెల్లు కొట్టారు. పిల్లలు బిలబిలమని నాగమణమ్మ చాప చుట్టూ వచ్చి చేరారు. వాళ్ళ వెనకే ప్రేమ్‌రాజ్ చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ వచ్చాడు. "అయింది సాబ్. నడువుండ్రి. అవ్వా, మిగిలిన పాఠం నువ్వు చెప్పు. నేను లేనని ఒక్క శనివారం గూడ ఆపొద్దు" అన్నాడు.

అప్పుడే ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు.

"అమ్మా, నేను సోమయ్య. ధూల్‌పేటల గణపతులు పోస్త. సోనీ అక్క అడిగింది, పేరు దాచుకొని ఏం లాభం? ఆ సాంచా తీసింది నేనే."

మహేశ్వరి స్పీకరు నొక్కి ఫోను ఎత్తిపట్టింది. "ఎవరు తీయించిన్రు సోమయ్యా?"

"వరుణ్ సారు. మ్యూజియంల పెట్టనీకి కాపీ అన్నడు. గేటు తీసింది సేటు. కొత్తది పోసి గోడకు పెట్టినంక, పాతది పలగ్గొట్టి మూసీల పారేయమన్నరు. అప్పుడొచ్చింది నాకు డౌటు."

"పలగ్గొట్టినవా?"

"బొట్లున్న రాయమ్మా. నా చెయ్యి ఎట్ల లేస్తది? నా షెడ్డుల గణపతుల ఎనక దాచిపెట్టిన. చెక్కు చెదరలే."

వరుణ్ రెండడుగులు వెనక్కి వేశాడు. సీఐ కానిస్టేబుల్‌కు సైగ చేసి అతని కారు తాళాలు లాక్కోమన్నాడు. ప్రేమ్‌రాజ్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"సోమయ్యా, యాడికి పోకు. మేం వస్తున్నం" అంది మహేశ్వరి.

అవతల ఏదో బండి బ్రేకు కీచుమంది. సోమయ్య గొంతు తగ్గింది. "అమ్మా, సేటు గోదాం ట్రాలీ వచ్చింది. నలుగురు దిగుతున్నరు. చేతులల్ల సమ్మెటలున్నయి."

మహేశ్వరి అరుగు వైపు తిరిగింది. వైకుంఠం సేటు కుర్చీ ఖాళీగా ఉంది. ఇందాక ఊపులో, ఆయన వింటుండగానే, ధూల్‌పేట అని గొంతెత్తి అరిచింది తనే. బేగంబజార్‌లో ఆయన గోదాము నుంచి ధూల్‌పేట కూతవేటు దూరం. ఇంత తెలివీ ప్రదర్శించి రాయిని దొంగ చేతికి తనే చూపించింది.

"జీపు తియ్యుండ్రి సాబ్!" అని కేక పెట్టి స్కూటీ వైపు పరుగెత్తింది. "సోమయ్యా, తలుపు ఏసుకో!"

"తలుపు యాడిదమ్మా? టార్పాలిన్ షెడ్డు."

"అయితె పక్కకు జరుగు. నీ పానం మీదికి తెచ్చుకోకు. వింటున్నవా?"

"వింటున్నమ్మా. కాని జరగ."

తరువాత ఆ గొంతు ఫోనులోకి కాదు, ఎదుటివాళ్ళతో అంటున్నట్టు పెద్దగా వినిపించింది. "అన్నా, మీకు కావాల్సిన రాయి ఈడనే ఉంది. దాని మీద నేను బోర్ల పండుకున్న. ఇగ కొట్టుండ్రి, చూస్త."

మహేశ్వరి స్కూటీ తాళం తిప్పేసరికి పిల్లలంతా గేటు దాకా వచ్చి నిలబడ్డారు. ఫోనులో సమ్మెట పడిన చప్పుడు వచ్చింది. రాతిమీద పడిందో, మనిషిమీద పడిందో తెలియలేదు.